కొరకరాని పాత గడిని నలుగురూ కలిసి నింపడం ఎలా?

పాత వారపత్రికల కట్ట చేతికొస్తే కథలూ సీరియళ్ళూ పక్కన పెట్టి ముందు గడి ఉన్న పేజీ వెతికేవాళ్ళ కోసం ఈ మార్గదర్శి. క్రాస్‌వర్డ్‌ని శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నారు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నారు, మనం గడి అనో పజిల్ అనో అంటాం. ఏ పేరుతో పిలిచినా పాతదానితో ఒక చిక్కుంది. జవాబులు తర్వాతి సంచికల్లో ఎక్కడో పడతాయి, సరిగ్గా ఆ సంచికే మన కట్టలో ఉండదు. కూర్చిన మనిషిని అడుగుదామంటే చాలాసార్లు ఆయన ఎవరో కూడా తెలియదు. ఒక్కరే కూర్చుంటే సగం నిండాక బండి అక్కడే ఆగిపోతుంది.

ఇరుక్కున్న ప్రతి ఆధారం (జవాబు కోసం ఇచ్చే సూచన) దగ్గరా ఇబ్బంది రెండే రకాలు. ఒకటి కిటుకు అందకపోవడం, రెండోది ఆ కాలం తెలియకపోవడం. కిటుకు దగ్గర పని చేయాల్సింది మన బుర్రే, తోటివాళ్ళు కాస్త తోస్తే చాలు. కాలం దగ్గర మాత్రం ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా లాభం లేదు, తెలిసినవాళ్ళని అడగాల్సిందే. ఏది ఏదో తేల్చుకోకుండా అడిగితే ఆట చప్పబడుతుంది, లేదా రోజుల తరబడి గోడకి తల బాదుకోవడం అవుతుంది. కింద చెప్పే పద్ధతంతా ఆ తేడా పట్టుకోవడం కోసమే. ఉదాహరణగా ఇచ్చిన ఆధారాలన్నీ పాతవాటి పోకడలో నేను కూర్చినవి.

ముందు అది ఏ రకం గడో చూడండి

పాత పత్రికల్లో గళ్ళన్నీ ఒక జాతివి కావు. మామూలు పర్యాయపదాల గడి ఒకటి, గూఢంగా తిప్పి చెప్పే గడి ఒకటి, బహుమతి పోటీ గడి మరొకటి. ఈ మూడోదానితో జాగ్రత్త. అందులో "ఇది లేని ఇల్లు ఇల్లే కాదు" అని ఆధారం ఇచ్చి మధ్యలో "లు" వేసి వదిలేస్తారు. తలుపు అంటారా, వెలుగు అంటారా? రెండూ సరిపోతాయి. నిర్వాహకుడి జేబులో ఉన్నదే సరైన జవాబు. అదృష్టం మీద నడిచే ఇలాంటి పోటీల కోసమే 1955లో ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టం వచ్చింది. అందులో క్రాస్‌వర్డ్ పోటీలను పేరు పెట్టి మరీ చేర్చారు, నెలకు ఇచ్చే బహుమతుల మొత్తం వెయ్యి రూపాయలు దాటకూడదని కట్టడి పెట్టారు. నైపుణ్యంతో గెలిచే పోటీలకు ఆ చట్టం వర్తించదని 1957లో సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గరున్నది అదృష్టం రకమైతే స్నేహితుల సమయం వృథా చేయకండి. దానికి తర్కంతో దొరికే జవాబు ఉండదు.

గడిని తిరగ్గీసుకోండి

పత్రిక మీద నేరుగా రాయొద్దు. ఫొటో తీసి, తెల్ల కాగితం మీద మళ్ళీ గీసుకోండి. గీసేటప్పుడే కొన్ని అచ్చుతప్పులు బయటపడతాయి. చాలా పజిళ్ళలో నల్లగళ్ళు ఒక పద్ధతిలో ఉంటాయి. కాగితాన్ని తలకిందులు చేసినా అదే ఆకారం రావాలి. ఒక్కచోట రాలేదంటే అక్కడ నల్లగడి పొరపాటున పడిందో, మాయమైందో అనుకోవచ్చు. ఆధారాల అంకెల్ని గడిలోని అంకెలతో పోల్చి చూడండి. స్కాన్ కాపీల్లో 3, 8 కలిసిపోతాయి. ఒత్తులు అలుక్కుపోయి "పట్టు" కాస్తా "పటు" అవుతుంది. ఆధారంలో అక్షరం అనుమానంగా ఉంటే గుంపుకి మీరు చదివింది టైపు చేసి పంపడంతో పాటు ఫొటో కూడా పంపండి.

గళ్ళు లెక్కపెట్టడం నేర్చుకోండి

తెలుగు గడిలో ఒక గడికి ఒక అక్షరం, గుణింతంతో, ఒత్తుతో, సున్నాతో సహా. "స్త్రీ" ఒక్క గడిలో ఇమిడిపోతుంది. "సంధ్య"కి రెండు చాలు. ఇది అందరికీ తెలిసిందే. పాతవాటిలో తేడా కొట్టేది "ము" దగ్గర. ఇవాళ మనం పుస్తకం అని మూడు గళ్ళలో రాస్తాం, అప్పటి కూర్పరి, అంటే గడి కూర్చిన మనిషి, పుస్తకము అని నాలుగు వేసి ఉంటాడు. ఇంగ్లీషు మాటలూ అంతే. కలెక్టరు, బస్సు అని ఉకారంతో ముగిసేవి, చివర పొల్లు ఉండేది కాదు. జవాబు సరిగ్గా తట్టినా ఒక గడి మిగిలిపోతోందంటే మొదట "ము" పెట్టి చూడండి. కొందరు బండి ఱ, మామూలు ర ఒకటిగానే లెక్కేస్తారు, కొందరు ఒప్పుకోరు. ఒకే కూర్పరివి రెండు మూడు గళ్ళు చూస్తే ఆయన పట్టింపు ఏమిటో తెలిసిపోతుంది.

ఆధారాన్ని విప్పడం

అసలు ఆట ఇక్కడే ఉంది. గూఢమైన ఆధారంలో ఒక కొసన జవాబుకి అర్థం ఉంటుంది, మిగతా భాగంలో ఆ జవాబు తయారయ్యే దారి ఉంటుంది. ఆధారం పైకి చెప్పే కథని నమ్మకూడదు. వాక్యం ఎంత అందంగా ఉంటే అంత అనుమానించాలి.

"వనమాలి కలతలో దాగిన దండ (3)". చదవగానే కృష్ణుడి బాధ కళ్ళ ముందుకొస్తుంది. కాస్త అనుభవం ఉన్నవాళ్ళకి ఇంకో ఉచ్చు ఉంది. కలత, చెదరడం, చిందరవందర లాంటి మాటలు సాధారణంగా అక్షరాల్ని కలగాపులగం చేయమని చెప్పే సైగలు. దాంతో వనమాలిని అటూ ఇటూ మార్చడం మొదలుపెడతారు. కానీ వనమాలిలో నాలుగు అక్షరాలున్నాయి, నింపాల్సింది మూడు గళ్ళే. అసలు సైగ "దాగిన". వన-మాలి-క-లత అని వరసగా చూస్తే మధ్యలో "మాలిక" నవ్వుతూ కూర్చుని ఉంది. అర్థం దండ.

తెలుగులో కలగాపులగం ఇంగ్లీషులో ఉన్నంత విరివిగా కుదరదు. మన అక్షరానికి గుణింతం అతుక్కుని ఉంటుంది కాబట్టి మార్చి పేరిస్తే అర్థమున్న మాట రావడం అరుదు. అందుకే మన కూర్పరులు తిప్పడాలు, కోయడాలు, గుణింతాలతో ఆడటాలు ఎక్కువ చేశారు.

తిప్పడం: "మిల్లు వెనక్కి తిరిగితే లక్ష్మి ప్రత్యక్షం (2)". మిల్లు అంటే మర, తిప్పితే రమ. నిలువు ఆధారమైతే "వెనక్కి" బదులు "కింది నుంచి పైకి", "తలకిందులై" అని వస్తుంది. ఎటు తిప్పినా మారని మాటలంటే కూర్పరులకి భలే మోజు. "అటు తిరిగినా ఇటు తిరిగినా కాసేపు నిద్రే (3)" అంటే కునుకు.

కోయడం: "తల లేని ఆకలే ఈ యుగం (2)". ఆకలి తల తీసేస్తే కలి. తోక తెగడం, నడుము విరగడం, గర్భంలో ఉండడం, అంచులు మిగలడం, ఇవన్నీ ఈ కుటుంబమే.

చొప్పించడం: "నరం లోపల గాంధారం పలికిన పట్టణం (3)". సంగీతం రాకపోయినా స-రి-గ-మ-ప-ద-ని పేర్లు మాత్రం కంఠతా పట్టండి. షడ్జమం అంటే స, గాంధారం అంటే గ. "నరం" మధ్యలో "గ" పెడితే నగరం.

అతకడం: "మాసం పక్కన వాగు పారితే ఆకాశంలో కనిపించేది (4)". మాసం నెల, వాగు వంక, కలిపితే నెలవంక. ఇందులో మోసమేమీ లేదు, వంకకి వాగు అనే అర్థం ఉందని గుర్తురావడమే కష్టం.

తెలుగుకే సొంతమైన సొగసు గుణింతపు గుర్తుల్లో ఉంది. గుడి అంటే కోవెల, ఇకారపు గుర్తు కూడా. కొమ్ము ఆవుకీ ఉంటుంది, ఉకారానికీ ఉంటుంది. తలకట్టు తలపాగా కావచ్చు, అక్షరం మీది గీత కావచ్చు. సున్నా సరేసరి. "కోవెల కొమ్ము విరిగితే మనకు ఆట (2)" అంటే గుడిలో "గు" కొమ్ము పోగొట్టుకుని గడి అయింది. "పెన్ను సాగదీస్తే గడిచిపోయేది (2)" అంటే కలంలో మొదటి అక్షరానికి దీర్ఘం ఇస్తే కాలం. ఆధారంలో గుడి, కొమ్ము, సుడి, సున్నా, దీర్ఘం కనిపించాయంటే ముందు వాటిని గుర్తులుగానే అనుమానించండి.

పాత కూర్పరుల దగ్గర ఇంకో అలవాటు ఉంది, ఊతమాటలు. ఇంగ్లీషులో జిమెనీస్ అనే కలం పేరుతో గళ్ళు కూర్చిన మెక్‌నట్ 1966లో నియమాలు పుస్తకంగా రాశాడు. అర్థం కచ్చితంగా ఉండాలి, అక్షరాల ఆట న్యాయంగా ఉండాలి, ఈ రెండూ తప్ప ఇంకేదీ ఉండకూడదన్నాడు. మనవాళ్ళు అంత గిరి గీసుకుని కూర్చోలేదు. "ఎవరి వలన చెదిరిందో గాని బాగా చదివిస్తుంది (3)" అన్న ఆధారంలో "వలన" చెదిరి నవల అయింది, చదివించేది నవల. ఇక "ఎవరి" దేనికి? దేనికీ కాదు, వాక్యం నడవడానికి. దాన్ని పట్టుకుని గంటలు వేలాడకండి. ఇలాంటి చోట్ల నాకు పాతవాళ్ళ మీద కోపం రాదు, వాక్యం బాగుంటే ఒక ఊతమాట క్షమించేయొచ్చు.

కాలం పెట్టిన ముళ్ళు

కిటుకు పూర్తిగా అర్థమై కూడా మాట రావడం లేదంటే అది ఆ కాలపు ముడి. ఇవి ఎక్కువగా కొన్ని గూళ్ళలోనే ఉంటాయి. నాణేలు, కొలతలు మొదటివి. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. పావలా, బేడ, "కాని" అనే నాణేల పేర్లు అప్పటి పాఠకుడికి నోట్లో నలిగే మాటలు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఈ లెక్క తెలియకపోతే "సగం మానిక (2)" దగ్గర రాత్రంతా కూర్చున్నా తవ్వ రాదు.

తర్వాత తెలుగు సంవత్సరాలు. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వాటిలో ఖర, నల, జయ, యువ లాంటి రెండక్షరాల పేర్లు కూర్పరులకి వరాలు. "గాడిద లాంటి ఏడాది (2)" అని ఖరని ఇరికించేస్తారు. నక్షత్రాలు ఇరవై ఏడు, రాశులు పన్నెండు, రాగాల పేర్లు, పురాణ పాత్రలకున్న మారుపేర్లు కూడా ఇదే గూట్లోవి. అంకెల బదులు వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు, ఋతువులంటే ఆరు, రుద్రులంటే పదకొండు.

నిఘంటువుల్లో కావ్యభాషకి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885), వాడుక మాటలకి బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు (1852), ప్రభుత్వ కచేరీల భాషలోని పారశీ, హిందుస్తానీ పదాలకి అదే బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు. ఆంధ్రభారతి సైట్‌లో చాలా నిఘంటువుల్ని ఒకేసారి వెతకొచ్చు. సినిమా పేర్లు, అప్పటి రాజకీయాలు, పత్రిక ఎడిటర్ మీద చమత్కారాలు మాత్రం ఏ నిఘంటువులోనూ దొరకవు. ఒక చిన్న ఉపాయం ఏమిటంటే, గడి ఉన్న సంచికను మొత్తం తిరగేయండి. ఆ వారం విడుదలైన సినిమా ప్రకటన, ముఖచిత్రం, సంపాదకీయం, వీటిలోంచి కూర్పరి మాటలు ఏరుకోవడం మామూలే.

గుంపు కట్టడం, అడగడం

ఐదారుగురు చాలు. ఎక్కువైతే గడి కంటే గోల పెరుగుతుంది. అందరూ ఒకే వయసువాళ్ళు, ఒకే చదువువాళ్ళు అయితే పెద్ద ఉపయోగం లేదు. పురాణాలు తెలిసినవాళ్ళు ఒకరు, నలుపు తెలుపు సినిమాలు నమిలి మింగినవాళ్ళు ఒకరు, వ్యవసాయపు పనిముట్ల పేర్లు తెలిసినవాళ్ళు ఒకరు, సంగీతం కొంచెం విన్నవాళ్ళు ఒకరు, వీళ్ళందరికీ తోడు ఏ విషయమూ తెలియకపోయినా మాటల్ని తలకిందులు చేసి చూసే చురుకైన కుర్రవాళ్ళు ఒకరిద్దరు. ఈ చివరి రకం లేకుండా పండితులే ఉన్న గుంపు గూఢమైన గడి దగ్గర తెల్లబోవడం చాలాసార్లు చూశాను.

మొదటి రెండు రోజులు ఎవరి కాగితం వాళ్ళదే. ఎవరూ ఏమీ చెప్పకూడదు. మూడో రోజు నుంచి అడగొచ్చు. అడగడానికీ ఒక పద్ధతుంది. "అడ్డం 14 ఏంటండీ?" అంటే ఎవరో ఒకరు జవాబు పడేస్తారు, అంతటితో దాని మజా పోయినట్టే. ఆధారం మొత్తం రాయండి, ఎన్ని గళ్ళో చెప్పండి, ఇప్పటికే పడ్డ అక్షరాలు చెప్పండి, మీరు ఎంతవరకూ విప్పారో చెప్పండి, ఎక్కడ ఆగారో చెప్పండి. ఆ పడ్డ అక్షరాల్లో ఏది ఖాయమో ఏది అనుమానమో కూడా చెప్పాలి. మీ తప్పు అక్షరం మీద నమ్మకం పెట్టుకుని నలుగురూ తిరగడం కంటే చికాకు ఇంకోటి లేదు.

చెప్పేవాళ్ళు మూడు మోతాదుల్లో చెప్పాలి. మొదట అర్థం ఏ కొసన ఉందో మాత్రమే. అప్పటికీ రాకపోతే తిప్పడమా, కోయడమా, గుర్తుల ఆటా అన్నది. జవాబు మాత్రం అడిగితేనే.

ఇది నడిచే తీరు ఒకటి దగ్గరగా చూద్దాం. ఆధారం: "రెండణాలతో గుడిని పెద్దది చేస్తే చేతికి పడేది (2)". ఒకమ్మాయి ఇలా అడుగుతుంది.

"మాస్టారూ, చేతికి పడేది అంటే గాజు అనుకున్నా, రెండక్షరాలే కదా. కానీ అణాలకీ గుడికీ గాజుకీ సంబంధం కుదరడం లేదు. నిలువులో 'గీచి గీచి ఆడేది' అన్నదానికి బేరం వేశాను, అది ఖాయం. కాబట్టి మొదటి అక్షరం బే."

"రెండణాలంటే బేడ కదమ్మా. మా చిన్నప్పుడు బేడకి బోలెడు వచ్చేవి. కానీ బేడ చేతికి పడడమేమిటి? దానం చేయడమా? ఈ గుడి ఎవరు కట్టించిందో నాకు అర్థం కావడం లేదు."

"బేడానా? ఆగండాగండి. గుడి పెద్దదైతే గుడి దీర్ఘం! డ-కి గుడి దీర్ఘం ఇస్తే డీ. బేడీ!"

"ఓహో, చేతికి పడేది బేడీ. వీడి అసాధ్యం కూలా!"

మాస్టారి దగ్గర మాట ఉంది, కిటుకు లేదు. అమ్మాయికి కిటుకు తట్టగలదు గానీ బేడ అనే మాటే ఎప్పుడూ వినలేదు. ఆ అమ్మాయి గాజు దగ్గరే ఆగి "జవాబు చెప్పండి" అని ఉంటే మాస్టారు కూడా గాజుకే ఓటేసేవారు. బే ఖాయమని చెప్పడం వల్ల గాజు పక్కకి పోయింది.

గుంపులో ఒకరు అందరికంటే వేగంగా ఉంటారు. ముందే మొత్తం నింపేసి చేతులు దురద పెడుతుంటాయి. ఆయన్ని ఆపడం కంటే సూచనలిచ్చే పని అప్పగించడం మంచిది. నిండిన కాగితం తన దగ్గర పెట్టుకుని, అడిగినవాళ్ళకి మోతాదు ప్రకారం అందిస్తారు. అందరికీ హాయి.

సరిచూసుకోవడం

అచ్చు జవాబు లేదు కాబట్టి న్యాయమూర్తులం మనమే. ఒక మాట ఖాయం కావాలంటే అర్థం కుదరాలి, అక్షరాల ఆట కుదరాలి, అడ్డం నిలువు కలిసే గళ్ళు కుదరాలి. మూడూ కుదిరితే సిరాతో, రెండే కుదిరితే పెన్సిల్‌తో. "ఇదే అయ్యుంటుందిలే" అన్నది పెన్సిల్‌తో కూడా వద్దు, పక్కన మార్జిన్‌లో ఉండనివ్వండి. ఎవరైనా జవాబు చెబితే "ఎలా?" అని తప్పకుండా అడగండి. దారి చెప్పలేని జవాబు సరైనదైనా సరే సగం జవాబే.

చుట్టూ ఉన్న మాటలన్నీ సిరాతో ఖాయమైపోయి ఒక్క ఆధారం మాత్రం మొండికేస్తే అచ్చుతప్పునో, కూర్పరి పొరపాటునో అనుమానించండి. పాతవాటిలో రెండూ ఉంటాయి. అయితే ఆ మాట అనడానికి గుంపులో కనీసం ఇద్దరు విడివిడిగా అదే నిర్ణయానికి రావాలి. తొందరపడి కూర్పరి మీద నేరం మోపితే తర్వాత కిటుకు బయటపడి తలదించుకోవాల్సి వస్తుంది.

ఒక నోటుబుక్కు పెట్టండి. కూర్పరి పేరు, పత్రిక, తేదీ, ఆయన వాడిన సైగమాటలు, "ము" అలవాటు, ఱ పట్టింపు, కొత్తగా తెలిసిన పాత మాట, అది ఎవరు చెప్పారు, ఇంతే. అదే కూర్పరి ఇంకో గడి దొరికినప్పుడు ముందు ఆ పేజీ తీసి చదవండి. మొదటి గడికి వారం పడితే తర్వాతది రెండు సాయంత్రాల్లో అయిపోవడం వింతేమీ కాదు.

ఇవన్నీ చేశాక కూడా ఒకటో రెండో గళ్ళు ఖాళీగా మిగలొచ్చు. వాటిని ఊహతో నింపి మూసేయకండి. కుదిరే అవకాశమున్న మాటలు రెండు మూడు పక్కన రాసి, ఏ అక్షరం దగ్గర అనుమానమో గుర్తు పెట్టి, ఆ గడిని మిగిలిపోయినవాటి కవర్లో వేయండి. జవాబులున్న సంచిక ఎవరి అటక మీద నుంచైనా దొరికిన రోజున మొత్తం గుంపుకి కబురు పెట్టి, అందరూ వచ్చేదాకా ఆ పేజీ తెరవకండి.